డాల్డా డబ్బా నుంచి వరి మడి దాకా: నికెల్ కథ

(ఆదివారం ఉదయం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఆ మధ్య ఇదే కార్యక్రమంలో మన వంటింటి గిన్నెల గురించి సరదాగా నాలుగు ముక్కలు చెప్పాను. ఆ తరవాత ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, డాల్డాని నికెల్ వేసి తయారుచేస్తారని మా మనవడు ఎక్కడో చదివి చెప్పాడు. మావారికి రెండుసార్లు గుండె ఆపరేషన్ అయింది. పాతికేళ్ళు ఆయనకి డాల్డాతో వండిపెట్టింది నేనే. ఇదంతా ఆ నికెల్ చేసిన పనేనంటావా?" అనడిగారు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. నేను డాక్టర్ని కాను, కెమిస్టునీ కాను. కంప్యూటర్లతో కుస్తీ పట్టే కన్సల్టెంటుని. "చదివి చెప్తానండీ" అన్నాను. చదవడం మొదలుపెడితే ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను ఎక్కడెక్కడికో తీసుకుపోయింది. జర్మనీ గనుల్లోకి, ఫ్రాన్సులో ఒక ప్రయోగశాలకి, చివరికి మా పెదనాన్నగారి వరి చేలోకి. ఇవాళ ఆ కథే చెప్తాను.

ముందు పేరు సంగతి. మన పిల్లల జేబుల్లో గలగలలాడే అయిదు సెంట్ల బిళ్ళని నికెల్ అంటాం కదా. నిజానికి అందులో ముప్పాతిక వంతు రాగి, పాతిక వంతే నికెల్. 1866 నుంచీ అదే లెక్క. ఈ పేరుకి అర్థం దెయ్యం! జర్మనీలో శాక్సనీ కొండల్లో రాగికోసం తవ్వేవాళ్ళకి ఎర్రటి ఖనిజం ఒకటి దొరికేది. చూస్తే అచ్చం రాగి ఖనిజంలాగే ఉండేది. ఎంత కరిగించినా రాగి మాత్రం వచ్చేది కాదు. పైగా దాన్ని కాలిస్తే వచ్చే పొగకి మనుషులు జబ్బుపడేవారు. అందులో ఉన్నది నికెల్, ఆర్సెనిక్ కలిసిన పదార్థమని వాళ్ళకి తెలియదు. గనిలో ఉండే నికెల్ అనే కొంటె దెయ్యం రాగిని మాయం చేస్తోందనుకున్నారు. ఆ ఖనిజానికి 'కుప్ఫర్‌నికెల్' అని పేరు పెట్టారు, అంటే దెయ్యపు రాగి అన్నమాట. 1751లో క్రోన్‌స్టెట్ అనే స్వీడన్ శాస్త్రవేత్త అలాంటి ఖనిజంలోంచి ఒక కొత్త లోహాన్ని వేరుచేశాడు. పేరులో రాగిని తీసేసి దెయ్యాన్ని ఉంచేశాడు.

ఆ దెయ్యం మన ఇళ్ళలో ఎన్ని వేషాల్లో తిరుగుతోందో చూడండి. నోములకీ, గృహప్రవేశాలకీ పంచిపెడతామే, జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు, వాటిలో వెండి ఒక్క గ్రాము కూడా ఉండదు. రాగి, నికెల్, తుత్తునాగం అంతే. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెల అడుగున 18/8 అని రాసి ఉంటుంది. అంటే 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్. తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. రేకుని లోతుగా నొక్కి బిందెగానో కేరేజీగానో మలిచేటప్పుడు పగలకుండా సాగనిచ్చేది నికెల్. నికెల్ ఖరీదు కాబట్టి మన దేశంలో గిన్నెలకి నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన స్టీలు కూడా బాగా వాడతారు. మా అమ్మ పేరు చెక్కిన గిన్నెలు ఏ రకమో నాకు తెలియదు, అడిగితే ఊరుకోదు కూడా.

ఇంతకన్నా గట్టి పనులూ నికెల్ చేస్తుంది. జెట్ ఇంజనులో ఎర్రగా కాలే గాలిలో తిరిగే రెక్కలు మామూలు ఉక్కుతో చేస్తే మెత్తబడిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో నికెల్ ఆధారంగా చేసిన మిశ్రలోహాలతోనే ఆ ఇబ్బంది తీరింది. మనం పద్దెనిమిది గంటలు కూర్చుని హైదరాబాదులో దిగుతున్నామంటే ఆ రెక్కల చలవే. హైదరాబాదులోనే, కంచన్‌బాగ్‌లో, 1973లో పెట్టిన మిశ్ర ధాతు నిగమ్ ఇలాంటి సూపర్ అల్లాయిలు తయారుచేస్తుంది. మిధాని అంటే మనవాళ్ళకి బాగా తెలుస్తుంది. రాకెట్లకి కావలసిన మారేజింగ్ స్టీలు కూడా అక్కడ చేస్తారు. అందులో 18 శాతం దాకా నికెలే. యుద్ధాల్లో నికెల్‌కి ఎంత కరువొచ్చేదంటే 1942 నుంచి 1945 దాకా అమెరికాలో అయిదు సెంట్ల బిళ్ళలోంచి నికెల్‌ని పూర్తిగా తీసేసి, దాని బదులు 35 శాతం వెండి పోశారు. పాత చిల్లర డబ్బా ఉంటే వెతకండి. వెనకవైపు భవనం గుమ్మటం మీద పెద్ద అక్షరం ఒకటి ఉంటే అది వెండి బిళ్ళే.

సరే, ఇక డాల్డా సంగతికొద్దాం.

1890 ప్రాంతంలో ఇంగ్లండులో లుడ్విగ్ మాండ్ అనే పారిశ్రామికవేత్తకి ఒక చిక్కొచ్చింది. ఆయన ఫ్యాక్టరీలో గొట్టాలకి బిగించిన నికెల్ కవాటాలు ఊరికే పాడైపోయేవి. ఆరా తీస్తే, ఆ గొట్టాల్లో పోయే కార్బన్ మోనాక్సైడ్ వాయువు నికెల్‌తో కలిసి, ఆ గట్టి లోహాన్ని కూడా ఆవిరిగా మార్చి ఎత్తుకుపోతోందని తేలింది. లోహం గాలిలో కలిసిపోవడమేమిటని అందరూ ఆశ్చర్యపోయారు. ఫ్రాన్సులో తులూజ్ నగరంలో ఉన్న పాల్ సబాత్యే మాత్రం ఇంకో మెట్టు పైకి ఆలోచించాడు. కార్బన్ మోనాక్సైడ్‌ని అంత గట్టిగా పట్టుకునే నికెల్, మిగతా వాయువుల్ని పట్టుకోదా? 1897లో ఆయనా, సాండరెన్స్ అనే సహచరుడూ కలిసి ఎథిలీన్‌నీ హైడ్రోజన్‌నీ మెత్తటి నికెల్ పొడి మీదుగా పంపించారు. రెండూ కలిసిపోయి ఈథేన్ వచ్చింది. నికెల్ ఎక్కడిదక్కడే ఉంది. పెళ్ళి కుదిర్చి, భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయే పేరయ్యలాంటిదన్నమాట. దీన్నే ఉత్ప్రేరకం అంటారు.

1912లో సబాత్యేకి నోబెల్ బహుమతి వచ్చింది. పక్కనే ఉండి పని చేసిన సాండరెన్స్‌కి రాలేదు. ఆయన చర్చి ఫాదరు కూడా. ఆ బహుమతిలో సగం గ్రిన్యార్ అనే మరో ఫ్రెంచి శాస్త్రవేత్తకి, ఇంకో పరిశోధనకి ఇచ్చారు. నాకు మాత్రం ఇది అన్యాయమనే అనిపిస్తుంది.

సబాత్యే వాయువులతో ఆగిపోయాడు. నూనెల జోలికి వెళ్ళినవాడు జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నోర్మన్. వేడిచేసిన నూనెలో నికెల్ పొడి కలిపి హైడ్రోజన్ పంపిస్తే నూనె గడ్డకడుతుందని కనిపెట్టి, 1902లో పేటెంటు తీసుకున్నాడు. తరవాత ఆ హక్కులు ఇంగ్లండులో క్రాస్‌ఫీల్డ్ అనే సబ్బుల కంపెనీకి చేరాయి. అప్పటి ఆలోచన అంతా సబ్బులూ, కొవ్వొత్తులే. తిమింగలం నూనె కంపుని పోగొట్టి గట్టి కొవ్వుగా మార్చడం పెద్ద వ్యాపారం. అమెరికాలో 1911లో పత్తిగింజల నూనెని ఇలాగే గడ్డకట్టించి క్రిస్కో అని అమ్మడం మొదలుపెట్టారు. 1937లో బొంబాయిలో లీవర్ కంపెనీ వాళ్ళు డాల్డా తెచ్చారు. ఒక డచ్చి కంపెనీ సరుకు పేరు 'డాడా', దాని మధ్యలో లీవర్ 'ల' ఇరికిస్తే డాల్డా అయిందని చెప్తారు. పచ్చటి ఖర్జూరపు చెట్టు బొమ్మ ఉన్న పసుప్పచ్చ డబ్బా. అందులో సరుకు అయిపోయాక తులసి మొక్క నాటేవాళ్ళు, మరమరాలు పోసేవాళ్ళు, స్నానానికి చెంబుగా వాడేవాళ్ళు. మన ఇళ్ళలో ఆ డబ్బాకి పునర్జన్మలెన్నో.

నెయ్యిలో డాల్డా కలిపి అమ్మేవాళ్ళ బెడద అప్పుడే మొదలయింది. గాంధీగారు వనస్పతికి వ్యతిరేకంగా రాశారు. చివరికి ప్రభుత్వం ఒక చక్కటి ఉపాయం చేసింది. వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలని రూలు పెట్టింది. రుచికోసం కాదు. నువ్వుల నూనెకి హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ, కాస్త పంచదారా కలిపితే గులాబీ రంగు వస్తుంది. నెయ్యి శుద్ధమైనదయితే రంగు రాదు. అలా నువ్వులు నెయ్యికి కాపలా కాశాయి.

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్న. తయారయ్యాక నికెల్‌ని వడకట్టేస్తారు. డబ్బాలోకి వచ్చేది అతి స్వల్పం. చేటు చేసింది ఆ లోహం మిగలడం వల్ల కాదు, అది నూనెకి చేసిన పని వల్ల.

వేరుశెనగ నూనెలో కొవ్వు గొలుసులకి మధ్యలో మోకాలు మడిచినట్టు వంపు ఉంటుంది. వంకర కర్రల మోపు ఒద్దికగా సర్దుకోదు చూడండి, అందుకే నూనె ద్రవంగా ఉంటుంది. నికెల్ మీద హైడ్రోజన్ అతుక్కుంటే ఆ వంపు పోయి గొలుసు నిటారుగా అవుతుంది, గడ్డకడుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఫ్యాక్టరీల్లో నూనెని పూర్తిగా గట్టిపరిస్తే మైనంలా తయారవుతుందని సగంలో ఆపేసేవారు. నికెల్ మీద ఒక హైడ్రోజన్ సగం అతుక్కుని మళ్ళీ ఊడిపోయినప్పుడు పాత బంధం తిరిగి ఏర్పడుతుంది, కానీ ఒక్కోసారి తిరగబడి ఏర్పడుతుంది. అలా పుట్టిందే ట్రాన్స్ ఫ్యాట్. నూనె లక్షణం పేరుకి మిగిలినా, ఆకారం మాత్రం నెయ్యిలా నిటారు.

ఇది గుండెకి మంచిది కాదేమోనని అనుమానించిన మొదటివాళ్ళలో ఫ్రెడ్ కుమ్మెరో ఒకడు. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. చనిపోయినవారి శరీర భాగాల్లో ఈ ట్రాన్స్ కొవ్వులు పేరుకుని ఉన్నాయని 1957లోనే 'సైన్స్' పత్రికలో ప్రచురించాడు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1990లో నెదర్లాండ్స్‌లో మెన్సింక్, కటాన్ అనే ఇద్దరు మనుషుల మీద ప్రయోగం చేసి, ఇవి చెడ్డ కొలెస్టరాల్‌ని పెంచి, మంచిదాన్ని తగ్గిస్తాయని చూపించాక అందరూ ఉలిక్కిపడ్డారు. డెన్మార్క్ 2003లో 2 శాతం హద్దు పెట్టింది. అమెరికా ప్రభుత్వం కదలకపోతే కుమ్మెరో దాని మీద 2013లో దావా వేశాడు, తొంభై తొమ్మిదో ఏటో అటూ ఇటూగానో. 2015లో ఈ దేశం పాక్షికంగా హైడ్రోజన్ పట్టించిన నూనెలు క్షేమం కావని తేల్చింది. ఆయన 2017లో, 102 ఏళ్ళ వయసులో పోయాడు. మన దేశంలో ఈ హద్దు 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి దిగింది.

ఆవిడకి ఇదే చెప్పాను. "అమ్మగారూ, మీరు వండిన కాలంలో ఈ సంగతి ఊళ్ళో డాక్టరుకీ తెలియదు. ఒక మనిషి గుండెకి వచ్చిన జబ్బుని ఒక డబ్బాకి అంటగట్టడం ఏ పరీక్షతోనూ వీలుపడదు. అంతమంది జనంలో ట్రాన్స్ ఫ్యాట్ చేటు చేసిందన్నది మాత్రం నిజం" అని. ఆవిడ కాసేపు ఊరుకుని, "ఆయనకి పూరీలంటే ప్రాణం బాబూ" అన్నారు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ సబాత్యే 1902లో చేసిన ఇంకో ప్రయోగం చదివేసరికి నా కళ్ళు మళ్ళీ అతుక్కుపోయాయి. బొగ్గుపులుసు వాయువునీ హైడ్రోజన్‌నీ కలిపి నికెల్ మీదుగా పంపితే మీథేనూ, నీరూ వస్తాయి. 2010లో అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు వదిలిన ఊపిరిలోంచి తాగే నీరు రాబట్టడానికి అమర్చిన యంత్రంలో జరిగేదీ ఇదే చర్య.

చిత్రం ఏమిటంటే, ఈ పనిని కంటికి కనపడని జీవులు కోట్లాది ఏళ్ళుగా చేస్తున్నాయి. అది కూడా నికెల్‌తోనే! సబాత్యేకి రెండు మూడు వందల డిగ్రీల వేడి కావలసి వచ్చింది. వీటికి చెరువు బురదలో చల్లదనం చాలు. గాలి తగలని చోట, చిత్తడి నేలల్లో, గోబర్ గ్యాసు తొట్టిలో, ఆవు పొట్టలో ఉండే మీథేన్ జీవులివి. వీటి లోపల పసుప్పచ్చటి పదార్థం ఒకటి ఉంది, పేరు ఎఫ్430. దాన్ని రాల్ఫ్ వుల్ఫ్ బృందం 1978లో చూసింది, దాని నడిబొడ్డున నికెల్ పరమాణువు ఉందని 1980లో తేలింది. మన రక్తంలో ఎర్రదనం ఇచ్చే హీమ్, ఆకుల్లో పత్రహరితం, బి12 విటమిన్, ఇవన్నీ దీనికి అక్కచెల్లెళ్ళే. ఒకే రకం చట్రం. నడుమ కూర్చునే లోహమే వేరు: ఇనుము, మెగ్నీషియం, కోబాల్టు, ఇక్కడ నికెల్. అన్నట్టు వుల్ఫ్ పని చేసిందీ ఇల్లినాయిలోనే, మన కుమ్మెరో ఉన్న విశ్వవిద్యాలయంలోనే. ఈ జీవులు మామూలు బాక్టీరియా కావు, వేరే వంశమని 1977లో తేల్చిన కార్ల్ ఉజ్ కూడా అక్కడివాడే. అదేం నీళ్ళో ఆ ఊళ్ళో!

చరిత్ర ఇంకా వెనక్కి వెళ్తుంది. 2009లో కర్ట్ కాన్‌హౌసర్ అనే కెనడా పరిశోధకుడూ, ఆయన తోటివారూ పాత ఇనుప రాళ్ళ పొరల్లో నికెల్ ఎంతుందో కొలిచారు. సుమారు 270 కోట్ల ఏళ్ళ క్రితం సముద్రంలో నికెల్ బాగా తగ్గడం మొదలయింది. భూమి లోపల చల్లబడేకొద్దీ నికెల్ ఎక్కువున్న లావా పైకి రావడం తగ్గిందని వాళ్ళ వాదన. నికెల్ లేక మీథేన్ జీవులకి కరువొచ్చింది, మీథేన్ తగ్గింది, ఆక్సిజన్ గాలిలో నిలబడడానికి దారి దొరికింది. ఇదే నిజమయితే మనం ఇవాళ ఊపిరి పీలుస్తున్నది ఒక నికెల్ కరువు పుణ్యమే. ఇది ఊహ, రుజువయిన సత్యం కాదు. అయినా బలమైన ఊహ.

కొన్ని సూక్ష్మజీవులు నికెల్‌ని వాడుకుంటే, ఇంకొన్ని దాన్ని రాతిలోంచి బయటికి లాగుతాయి. గంధకమూ, ఇనుమూ ఉన్న రాళ్ళని తిని ఆమ్లం పుట్టించే బాక్టీరియాని 1947లో అమెరికా బొగ్గుగనుల మురుగునీటిలో గుర్తించారు. వాటిచేత పని చేయించి నికెల్ తీద్దామని ఫిన్లాండులో తల్వివారా అనే గని 2008లో మొదలయింది. రాతిని కుప్పలు పోసి, ఆమ్లపు నీళ్ళు చల్లి, బాక్టీరియాకి వదిలేయడం. కొలిమి లేదు, పొగ లేదు అన్నారు. 2012 నవంబరులో వ్యర్థాల చెరువుకి గండి పడి లోహాల నీళ్ళు చుట్టుపక్కల సరస్సుల్లోకి పోయాయి. 2014లో గని కంపెనీ దివాలా తీసింది, మరుసటి ఏడు ప్రభుత్వ సంస్థ దాన్ని తీసుకుని మళ్ళీ నడిపింది. అక్కడి నికెల్‌తో ఇప్పుడు కార్ల బ్యాటరీలకి సరుకు చేస్తున్నారు. మన డ్రైవ్‌వేలో కరెంటు కారు పెట్టుకుని గర్వపడేటప్పుడు ఆ సరస్సులు కూడా గుర్తుకురావడం మంచిదే.

ఇక మా ఊరి మాట. కోనసీమలో చిన్నప్పుడు నాట్లేసిన మడిలో కాలు పెడితే బురదలోంచి బుడగలు లేచేవి. ఆ బుడగల్లో చాలామటుకు మీథేనని అప్పుడు తెలియదు. నీళ్ళు నిలిచిన మడిలో గాలి అందక మీథేన్ జీవులు విజృంభిస్తాయి. బుడగల కంటే వరి మొక్క లోపలి గాలి గొట్టాల గుండా బయటికి పోయే మీథేనే ఎక్కువ. ప్రపంచంలో మనుషుల పనులవల్ల గాలిలో చేరే మీథేన్‌లో 8 శాతం దాకా వరి పొలాలదే. చేలో వేసిన యూరియాని అమోనియాగా మార్చే యూరియేజ్ అనే ఎంజైములో ఉన్నది కూడా నికెలే. కార్నెల్‌లో జేమ్స్ సమ్నర్ 1926లో దాన్ని స్ఫటికాలుగా తీసి నోబెల్ పొందాడు. అందులో లోహం ఉందని మాత్రం 1975 దాకా ఎవరూ చూడలేదు.

మీథేన్ తగ్గించడానికి దారి ఉంది. చేలో నీళ్ళు ఎప్పుడూ నిలవుంచకుండా, నేల మట్టానికి జానెడు కిందికి దిగేదాకా ఆరనిచ్చి మళ్ళీ పెట్టడం. గాలి తగిలితే ఆ జీవుల ఆట కడుతుంది. మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, నీళ్ళూ కలిసొస్తాయి. 2003 ఖరీఫ్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రచారం చేసిన శ్రీ వరిలో కూడా నీళ్ళు నిలవుంచకపోవడం ఒక ముఖ్యమైన భాగం.

ఇంత చదివిన ఉత్సాహంలో ఊరికి ఫోన్ చేసి పెదనాన్నకి నికెల్ నుంచి మీథేన్ దాకా అరగంట పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "బానే ఉందిరా. కాలవ నీళ్ళు మా వంతు వచ్చినప్పుడే కదా పెట్టుకోవాలి, ఆరబెట్టాక మళ్ళీ రాకపోతే? మా పల్లపు చేలో నీళ్ళు తీద్దామన్నా ఎక్కడికి పోతాయి? పైగా మడి ఆరితే కలుపు లేస్తుంది. అది తియ్యడానికి నువ్వొస్తావుట్రా అమెరికా నుంచి?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. స్టూడియోలో మావాళ్ళు టైమ్ అయిందని చెయ్యి చూపిస్తున్నారు. ఉంటానండీ, సెలవు.